పిల్లల పార్టీకి పొట్లాలెందుకు? పప్పుబెల్లం చాలదా?

ఇది కాస్త పొడుగు పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివాక తిట్టండి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే రభస. అక్టోబరు 31న సంఘం హాల్లో పిల్లలకు హాలోవీన్ పార్టీ పెట్టాలా వద్దా అని. ఒక పక్షం వారు "ఇది మన పండగ కాదు, మన సంఘం పేరు మీద దయ్యాల పండగ ఏమిటి?" అంటున్నారు. రెండో పక్షం వారు "కాలం మారింది, పిల్లలు అడుగుతున్నారు, కేటరింగ్‌కి ఇచ్చేద్దాం, తలా ఇంత వేసుకుందాం, అయిపోతుంది" అంటున్నారు. రెండు పక్షాలూ కలిసి మూడు వందల మెసేజులు పెట్టారు. అన్నీ చదివాను. ఒక్కరంటే ఒక్కరు కూడా పిల్లల పళ్లెంలో ఏం పెడతాం, దాన్ని ఎవరు చేస్తారు అని అడగలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. పార్టీ పెట్టండి. కానీ ఆ పళ్లెంలోది పిల్లలే చేయాలి, మన హాల్లోనే చేయాలి, మనం పక్కన నిలబడి తెలుగులో చెబుతుంటే చేయాలి. అలా చేయలేని పక్షంలో అసలు పెట్టొద్దు. కాంట్రాక్టుకి ఇచ్చే పార్టీకి మన సంఘం అక్కర్లేదు, దానికి మాల్ చాలు.

ముందు "వద్దు" అనే పెద్దలతో మాట్లాడతాను.

అయ్యా, బెంగళూరులో ఏ పెద్ద అపార్ట్‌మెంటులోనైనా ఆ సాయంత్రం చూడండి. ముసుగులేసుకున్న పిల్లలు లిఫ్టుల్లో ఎక్కి దిగుతూనే ఉంటారు. అందులో మన మనవలూ ఉంటారు. సంఘం వద్దన్నంత మాత్రాన వాళ్లు ఇంట్లో కూర్చుని పద్యాలు వల్లె వేయరు. వేరే చోటికి వెళతారు. సంఘం వాళ్లకి ఇంకో మెట్టు దూరమవుతుంది, అంతే.

"దయ్యాలేమిటి, అశుభం" అన్నారు ఒకరు. మనం భేతాళుడి కథలు చదివి పెరగలేదా? 1947లో మద్రాసు నుంచి చందమామ మొదలైతే, ఇక్కడ మైసూరు రాష్ట్రంలో ఉన్న మన ఇళ్లకు కూడా అది వచ్చేది. చెట్టుకి వేలాడే శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు బొమ్మ చూసి మనకేం అశుభం జరిగింది? 1957లో మాయాబజార్ వచ్చింది. రంగారావు గారి ఘటోత్కచుడు లడ్డూలు లాగిస్తుంటే పిల్లలు జడుసుకున్నారా, పగలబడి నవ్వారా? భయపెట్టేదాన్ని తీసుకొచ్చి దాని ముందు తినడానికి పెట్టి నవ్వేయడం మనకు తెలియని విద్యేమీ కాదు.

ఇక గుమ్మడికాయ. ఇక్కడ కొత్త ఇల్లు కడుతుంటే బూడిద గుమ్మడికాయ మీద మీసాలు, కోరలు, ఎర్ర నాలుక గీసి వేలాడదీస్తాం. ఆయుధపూజకి వాహనాల ముందు గుమ్మడికాయలు పగలగొట్టి రోడ్లన్నీ ఎర్రగా చేస్తాం. మర్నాడు స్కూటర్లు దాని మీద జారిపడుతుంటాయి. అలాంటి మనం పక్కింటి పిల్లాడు గుమ్మడికాయకి రెండు కళ్లు తొలిస్తే సంస్కృతి పోయిందంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది.

ఆ పండగ పుట్టుక కూడా ఒకసారి వినండి. ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే రాత్రి అది. పోయినవాళ్లు ఆ రాత్రి ఇళ్లవైపు వస్తారని నమ్మకం. తరవాత క్రైస్తవులు నవంబరు 1ని సకల పవిత్రుల రోజుగా, 2ని పోయినవారి ఆత్మల రోజుగా జరుపుకోవడంతో రెండూ కలిసిపోయాయి. అప్పట్లో దీపం పెట్టింది గుమ్మడికాయలో కాదు, టర్నిప్ దుంపని తొలిచి పెట్టేవారు. అమెరికా వెళ్లాక అక్కడ గుమ్మడికాయ పెద్దదిగా, తొలవడానికి తేలికగా దొరికింది కాబట్టి దాన్ని పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో పిల్లలూ పేదలూ ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటి పోయినవారి కోసం ప్రార్థన చేస్తామని చెప్పి చిన్న రొట్టెలు తీసుకునేవారు. వాటి పేరే ఆత్మల రొట్టెలు. మహాలయ పక్షంలో పెద్దల పేరు చెప్పి అన్నం పెట్టే ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఇది అంత అర్థం కాని సంగతా?

అలాగని "ఇదంతా మనదే, వాళ్లే కాపీ కొట్టారు" అనే వాళ్లు కూడా దయచేసి ఆగండి. అది వాళ్లది. వాళ్లదిగానే ఉండనివ్వండి. ఇరుగుపొరుగు నుంచి ఒక పద్ధతి తెచ్చుకుని మన చేతికి తగ్గట్టు మార్చుకోవడం తరతరాలుగా బయటి రాష్ట్రాల్లో బతికిన తెలుగువాళ్లకి నేర్పాల్సిన పని లేదు. మనింట్లో బిసిబేళెభాత్ ఎప్పుడు మనదైంది? మిరపకాయ, బంగాళాదుంప సముద్రం దాటి వచ్చినవే, వాటిని వద్దన్నామా? తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకున్నదాన్ని మన చేత్తో ముట్టకుండా పొట్లంతో సహా పిల్లల ముందు పడేయడం తప్పు.

ఇప్పుడు ఆ పొట్లం సంగతి. ఇది రెండో పక్షం వారికి.

పోయినేడు పార్టీ ఎలా జరిగిందో అందరూ చూశారు. ఒక కేటరర్‌కి అప్పజెప్పారు, పేరు అనవసరం. పిల్లకి 180 రూపాయలు. ఇచ్చిందేమిటి? ఒక చిప్స్ పొట్లం, ఒక జెల్లీ కళ్ల పొట్లం, నాలుక నల్లగా అయ్యే రంగు కేకు ముక్క, పొగలు కక్కే ఎర్రటి నీళ్లు. పిల్లలు పావుగంటలో తిన్నారు. మిగతా రెండు గంటలు అరిచారు. తల్లిదండ్రులు గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకున్నారు. ఎవరి పిల్లలు ఎవరో కూడా ఒకరికొకరికి తెలియకుండానే ఇళ్లకి వెళ్లిపోయారు. హాలు తుడిచినప్పుడు మూడు గోనెసంచుల ప్లాస్టిక్ వచ్చింది. ఇల్లలకగానే పండగ కాదంటారు. మనం ఇల్లు కూడా అలకలేదు, డబ్బు కట్టి పండగ అయిందనుకున్నాం.

"హాలోవీన్ అంటే ప్యాకెట్ చాక్లెట్లే కదా" అన్నారు ఒక సోదరి. కాదమ్మా. మొదట అక్కడ కూడా ఇంట్లో చేసినవే పంచేవారు. కారామెల్‌లో ముంచిన ఆపిల్ పండ్లు, పేలాల ఉండలు, బిస్కెట్లు, వేరుశనగలు. కంపెనీల మిఠాయి ఎక్కువైంది రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక. ఇంటి వంటని పూర్తిగా తరిమేసింది మాత్రం భయం. ముక్కూ మొహం తెలియని వాళ్లు మిఠాయిలో విషం కలుపుతారని, ఆపిల్ పండులో బ్లేడు పెడతారని 1970ల్లో అమెరికా అంతటా పుకార్లు లేచాయి. 1974లో టెక్సాస్‌లో నిజంగానే ఒక పిల్లవాడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయాడు. అది పెట్టింది ఎవరో అపరిచితుడు కాదు, బీమా డబ్బుకి ఆశపడ్డ కన్నతండ్రి. జోయెల్ బెస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇలాంటి వార్తలన్నీ వెదికి, అపరిచితులు పిల్లల మిఠాయిలో కావాలని విషం కలిపి చంపిన ఘటన ఒక్కటీ తేలలేదని చెప్పాడు. అయినా భయం నిలిచిపోయింది. సీలు వేసిన పొట్లం తప్ప ఇంకేదీ ముట్టొద్దని తల్లులు పిల్లలకి చెప్పుకున్నారు.

వాళ్లకి ఆ కారణమన్నా ఉంది. తెలియని వాళ్ల గుమ్మాల ముందు చేతులు చాచే పిల్లలు వాళ్లు. మన హాల్లో తెలియని వాళ్లెవరు? మూడు తరాలుగా ఒకరి పెళ్లికి ఒకరు వడ్డించిన కుటుంబాలు. ఒకరి ఇంట్లో కార్యమైతే ఇంకొకరి పొయ్యి మీద అన్నం ఉడికిన కుటుంబాలు. ఒకరి చేతి వంట ఒకరు తినడానికే కదా సంఘం పెట్టుకున్నాం! ఎవరినీ నమ్మలేని ఊళ్లో పుట్టిన పొట్లాన్ని, అందరినీ పేరుపెట్టి పిలిచే హాల్లోకి డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటున్నాం.

ఇక రంగులు, పొగలు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. మన ఊళ్లో, మనవాళ్లున్న ఊళ్లలో ప్రభుత్వాలు చేసినవే చెబుతున్నాను.

2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి ప్రభుత్వం రంగు పీచుమిఠాయిని నిషేధించింది. అంటే మన యానాంలో కూడా. అదే నెలలో తమిళనాడు నిషేధించింది. కారణం రోడమిన్-బి. అది బట్టలకీ కాగితాలకీ వేసే రంగు, తిండిలో వాడడానికి అనుమతే లేదు. మార్చిలో మన కర్ణాటక కూడా పీచుమిఠాయిలో ఆ రంగుని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. అధికారులు తెచ్చి పరీక్షించిన 171 గోబీ నమూనాల్లో 107 సరిగా లేవని తేలింది. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరు బేకరీల కేకులు 235 పరీక్షిస్తే 12 వాటిలో మితిమీరిన రంగులు దొరికాయి. మిగతా 223 బాగానే ఉన్నాయి, ఆ మాటా చెప్పాలి. కానీ నల్లటి, ఎర్రటి, ఆకుపచ్చటి దయ్యం కేకు ఆ 223లోదో 12లోదో మన కంటికి తెలుస్తుందా? అనుమతి ఉన్న రంగులకు కూడా మోతాదు ఉంది. ఐరోపాలో 2010 నుంచి ఆరు కృత్రిమ రంగుల్లో ఏది వాడినా, అది పిల్లల నడవడిక మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం చూపవచ్చని పొట్లం మీదే అచ్చువేయాలి. ఇక్కడ మనం అడగం, వాళ్లు చెప్పరు.

పొగ నీళ్ల సంగతి ఇంకా తీవ్రం. అందులో వేసే డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు. ముక్క నోట్లోకి పోతే నోరూ గొంతూ కాలినట్టు పుండవుతాయి. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక హోటల్లో భోజనం అయ్యాక నోటి శుద్ధికి ఇచ్చే తినుబండారం అనుకుని దాన్ని నోట్లో వేసుకున్న అయిదుగురు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లంతా పెద్దవాళ్లు. ద్రవ నైట్రోజన్ మరీ ఘోరం, మైనస్ 196. అదే ఏడాది మన బెంగళూరులోనే ఒక పెళ్లి విందులో పొగ పాన్ తిన్న పన్నెండేళ్ల అమ్మాయికి కడుపులో రంధ్రం పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పోయినేడు మన హాల్లో గ్లాసు అడుగున ముక్క కరిగిందో లేదో ఎవరైనా చూశారా? నేను కేటరర్ కుర్రాణ్ణి అడిగితే "ఏం కాదు మేడమ్, అందరూ తాగుతున్నారు" అన్నాడు. అదీ మన భద్రత. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ఈసారి ఆ పొగ జోలికే పోవద్దు.

మరి ఏం పెట్టాలి? తిట్టడం తేలిక, చేసి చూపించడం కష్టం అంటారు. అందుకే చేసి, మా అపార్ట్‌మెంటు పిల్లలతో చేయించి, లెక్క రాసి ఇస్తున్నాను. పొయ్యి అక్కర్లేదు. నూనె అక్కర్లేదు. ఇరవై మంది పిల్లలకు తలా రెండు చొప్పున.

సాలెపురుగు ఉండలు. గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు అరకిలో. పుట్నాల పప్పు 350 గ్రాములు, ముందే మిక్సీలో పొడి కొట్టి జల్లించి తెచ్చుకోవాలి. బెల్లం తురుము 100 గ్రాములు. కరిగించిన నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు. యాలకుల పొడి ఒక చిటికెడు. ఖర్జూరాన్ని పిల్లలు చేత్తో చిదమాలి, అందులో బెల్లం, పొడి, నెయ్యి వేసి కలపాలి. గట్టిగా ఉండి కలవకపోతే గోరువెచ్చని నీళ్లు ఒక చెంచా చిలకరించండి, అంతకుమించి వద్దు. పెద్ద ఉసిరికాయంత ఉండలు కట్టాలి. నలభై వస్తాయి. తరవాత జంతికలు పావుకిలో తీసుకుని వేలెడు ముక్కలుగా విరవాలి. జంతిక వంపు అచ్చం సాలెపురుగు కాలి వంపే. అటు నాలుగు, ఇటు నాలుగు గుచ్చాలి. ఆరు గుచ్చిన వాళ్లకి "ఇది చీమ కాదమ్మా" అని చెప్పండి. పైన రెండు కొబ్బరి పలుకులు అంటిస్తే కళ్లు. తీపిలో కరకరలాడే ఉప్పుకారం తగులుతుంటే పిల్లలు మూడోది అడుగుతారు.

దయ్యం అరటిపళ్లు. మన యాలకి అరటిపండ్లు ఇరవై. తొక్క తీసి అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టి నిలబెట్టాలి. కొబ్బరి పొడిలో దొర్లిస్తే తెల్లటి దయ్యం. ఖర్జూరం చిన్న ముక్కలతో కళ్లు, నోరు. ఇది చివర్లో చేయాలి, ముందే చేస్తే నల్లబడుతుంది.

గుమ్మడికాయలు. తలా ఒక చిన్న కమలాపండు. తొక్క తీసి, పైన గుంటలో పుదీనా కాడ ఒకటి గుచ్చడమే. అంతకన్నా మంచి గుమ్మడికాయ రంగు ఏ కంపెనీ చేస్తుంది?

దయ్యం నెత్తురు. నిమ్మరసం నీళ్లలో కొంచెం బెల్లం, ఒక బీట్‌రూట్ తురిమి పిండిన రసం. ఎర్రగా ఉంటుంది. పొగ రాదు. ఎవరూ ఆస్పత్రికి పోరు.

మా వీధి అంగడి ధరలతో లెక్క వేశాను, అన్నీ కలిపి పిల్లకి నలభై రూపాయలు దాటలేదు. 180 ఎక్కడ, 40 ఎక్కడ? మిగిలింది తెలుగు తరగతికి పుస్తకాలు కొనండి.

పనులు వయసుని బట్టి పంచాలి. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లు కమలాపండ్ల తొక్క తీస్తారు, జంతికలు విరుస్తారు. ఏడు నుంచి తొమ్మిది వాళ్లు కొలుస్తారు, చిదుముతారు, ఉండలు కడతారు. పదేళ్లు దాటిన వాళ్లు మొద్దు కత్తితో అరటిపళ్లు కోస్తారు. పదమూడు దాటిన వాళ్లు ఒక్కో బల్లకి పెద్ద. మిక్సీ, తురుముపీట పెద్దవాళ్ల చేతిలోనే.

జాగ్రత్తలూ చెబుతాను, ఎందుకంటే ఇంటి వంట అనగానే అన్నీ క్షేమం కాదు. అయిదేళ్ల లోపు పిల్లల ఉండలకి జంతిక కాళ్లు వద్దు, కొబ్బరి తురుముతో కాళ్లు గీయండి. గింజ తీసిన ఖర్జూరం అని పొట్లం మీద రాసి ఉన్నా ఒక్కొక్కటీ విప్పి చూడండి. ద్రాక్షపళ్లు ఎవరైనా తెస్తే చిన్న పిల్లలకి నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి, గుండ్రంగా ఇస్తే గొంతుకి అడ్డం పడతాయి. పేలాలు, గట్టి గోళీ మిఠాయిలు, పలుకులుగా ఉన్న వేరుశనగలు ఆ వయసు వాళ్లకి అసలు వద్దు. వేరుశనగ పడని పిల్లలు ఉంటారు కాబట్టే నేను పుట్నాలు ఎంచుకున్నాను. అయినా ఎవరికి ఏది పడదో ముందే అడిగి రాసుకోండి. కూర్చోబెట్టి తినిపించండి, పరిగెడుతూ కాదు.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ తిండి గురించి రాశానని అనుకుంటున్నారేమో.

మన సంఘం ఆదివారం తెలుగు తరగతికి ఎంతమంది పిల్లలు వస్తున్నారు? కార్యదర్శి గారికి తెలుసు, నాకూ తెలుసు. ఒక్కోసారి చెప్పే వాళ్లే ఎక్కువ, నేర్చుకునే వాళ్లు తక్కువ. మన పిల్లలకి కన్నడం వస్తుంది, రావాలి కూడా, మనం తినేది ఈ నేల అన్నం. ఇంగ్లీషు వస్తుంది. తెలుగు మాత్రం "రా, పో, తిను, నిద్రపో" దగ్గర ఆగిపోయింది. చదవడం సంగతి సరే, పలకడమే పోతోంది. మద్రాసులో, మదురైలో, బరంపురంలో, షోలాపురంలో ఉన్న మన బంధువుల ఇళ్లలో అడగండి, ఇదే మాట చెబుతారు.

భాష మొదట పుస్తకంలోంచి పోదు. చేతిలోంచి పోతుంది. పిడికెడు, చిటికెడు, దోసెడు, గుప్పెడు. ఈ నాలుగింటికీ తేడా చెప్పగల పిల్లని ఒక్కర్ని చూపించండి. చిదమడం వేరు, నలపడం వేరు, దంచడం వేరు, నూరడం వేరు. జల్లించడం, చిలకరించడం, దొర్లించడం, ఉండ కట్టడం. ఇవి బోర్డు మీద రాసి నేర్పితే రావు. ఖర్జూరం వేళ్లకి అంటుకుని ఉన్నప్పుడు పక్కన అమ్మమ్మ "అలా నలపకమ్మా, చిదుము" అంటే వస్తాయి. వచ్చినవి పోవు. పుట్నాల పప్పుని ఇక్కడ పిల్లలు "హురిగడలె" అంటారు, చెన్నైలో మన పిల్లలు "పొట్టుక్కడలై" అంటారు. అనని. ఆ పక్కన "పుట్నాలు" కూడా ఒక్కసారి వాళ్ల నోట పలికితే ఆ సాయంత్రానికి నా కూలి గిట్టినట్టే.

పుట్నాలూ బెల్లమూ ఏమిటో పెద్దలకి గుర్తుందా? దసరాకి పంతులుగారి వెంట పిల్లలు విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. పంతులుగారికి దక్షిణ ఇచ్చేవారు, పిల్లలకి పప్పుబెల్లాలు పెట్టేవారు. ఇక్కడ మైసూరు వైపు బొమ్మలు పెట్టిన ఇళ్లకి పిల్లలు "గొంబె కూర్సిదీరా" అని అడుగుతూ వెళ్లి తినుబండారాలు తీసుకునేవారు. తమిళనాడులో కొలువు చూడడానికి వెళితే గుగ్గిళ్లు పెడతారు. పిల్లలు వీధిన పడి తిరగడం, ప్రతి గుమ్మం వాళ్లకి ఏదో ఒకటి పెట్టడం. ఇది ఏ దేశపు పిల్లలకైనా నచ్చే ఆటే. మనం మన ఆటని మానేశాం. అపార్ట్‌మెంట్ల పిల్లలు వేరే దేశపు ఆటలో దాన్ని మళ్లీ పట్టుకున్నారు. వాళ్లని తిట్టే హక్కు మనకు ఎక్కడిది? ఆ ఉండలో ఉన్నది పప్పుబెల్లమే అని చెప్పే పని మాత్రం మనది.

కొన్ని అభ్యంతరాలు ముందే ఊహించగలను.

"శుభ్రత ఎలా?" అంటారు. చేతులు సబ్బుతో కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం, జుట్టు ముడేసుకోవడం. జలుబున్న పిల్లలకి అలంకరణ పని. ఎవరు చేసుకున్నది వాళ్లే తినాలని నియమం పెట్టండి. కేటరర్ వంటగది మీలో ఎవరు చూశారు?

"మాకు టైం లేదు" అంటారు. రెండు గంటలు. పోయినేడు గోడకి ఆనుకుని ఫోన్ చూసిన ఆ రెండు గంటలే. 2026 అక్టోబరు 31 శనివారం పడింది, దసరా అయిపోయి ఉంటుంది, దీపావళికి ఇంకా వారం ఉంటుంది. ఇంతకన్నా తీరిక ఎప్పుడు?

"ఆడవాళ్ల మీద పని పెంచుతున్నారు" అని ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన మాట. అందుకే ప్రతి బల్ల దగ్గరా ఒక నాన్న గానీ తాతయ్య గానీ ఉండాలి. ఆత్మగౌరవం గురించి వేదికెక్కి ఉపన్యాసం ఇచ్చే మన మగవాళ్లు ఒక్క సాయంత్రం చేతికి నెయ్యి రాసుకుని ఉండ కట్టమనండి. తెలుగుని రక్షించడం మాటలతో అయ్యే పని కాదని అప్పుడు తెలుస్తుంది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, పిల్లలు ఇంటి తిండి చూసి మొహం తిప్పుకుంటారు" అంటారు. వడ్డించిన తిండి చూసి తిప్పుకుంటారు. తాము చేసిన సాలెపురుగుని చూసి తిప్పుకునే పిల్ల ఇంకా పుట్టలేదు. మా దగ్గర చేసినప్పుడు ఒక్కటీ మిగల్లేదు. ఒక పిల్లాడు రెండో ఉండని కాగితంలో చుట్టి వాళ్ల అవ్వకి చూపించాలని ఇంటికి పట్టుకెళ్లాడు.

కార్యవర్గానికి నా ప్రతిపాదనలు ఇవి. రేపటి సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను.

ఒకటి, పార్టీ పెట్టాలి, కానీ కేటరింగ్ రద్దు చేయాలి. రెండు, డ్రై ఐస్, ద్రవ నైట్రోజన్, రంగు కేకులు మన హాల్లోకి రాకూడదని రాతపూర్వకంగా తీర్మానం చేయాలి, ఈ పార్టీకే కాదు, ఉగాదికి కూడా. మూడు, చేసే పద్ధతిని పెద్ద అక్షరాలతో తెలుగులో, పక్కనే కన్నడంలో రాసి ప్రతి బల్ల మీద పెట్టాలి. మన పిల్లల కన్నడ స్నేహితులు కూడా రావాలి. నాలుగు, మర్నాడు నవంబరు 1. 1956లో ఈ రాష్ట్రమూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ ఏర్పడ్డ రోజు అదే. రాజ్యోత్సవ జెండా దగ్గరికి ఆ పిల్లలే తాము కట్టిన ఉండలు ఒక పళ్లెంలో తీసుకెళ్లి మన వీధిలో పంచాలి. హాలోవీన్ వద్దని వంద మెసేజులు పెట్టిన పెద్దలు కూడా ఆ పొద్దున ఏడున్నరకి జెండా దగ్గర కనిపిస్తే సంతోషిస్తాను.

అయిదు, పుట్నాల పొడి, బెల్లం, నెయ్యి నేను తెస్తాను. ఖర్జూరం, జంతికలు, కమలాపండ్లు ఎవరు తెస్తారో కింద పేర్లు రాయండి. వాదనలు తరవాత చేసుకుందాం, ముందు పేర్లు రాయండి.